మేయరు సెగీన్ ముచ్చట

ఇవాళ మీరంతా అలమో కోట చూసొచ్చారు కదా. ట్రావిస్ గురించి చెప్పుంటారు, బౌవీ గురించి చెప్పుంటారు, డేవీ క్రాకెట్ గురించి అయితే చెప్పకుండా వదలరు. మరి వాళ్లంతా పోయాక వాళ్ల బూడిదను ఎత్తి పాతిపెట్టినవాడెవరో చెప్పారా? నేను శాన్ ఆంటోనియో వచ్చిన కొత్తలో నాకూ ఎవరూ చెప్పలేదు. ఇలా దగ్గరికి జరగండి. ఒరే చిన్నోడా, ఆ మెస్కీట్ కట్టె ఇంకొకటి మంటలో వెయ్యి. మన వైపు సర్కారు తుమ్మ అంటామే, దాని దాయాది చెట్టే ఇది. నిప్పు చాలాసేపు నిలుస్తుంది, నా కథ కూడా పొడుగే.

ఆయన పేరు హువాన్ సెగీన్. 1806 అక్టోబరులో ఈ ఊళ్లోనే పుట్టాడు. అప్పుడీ ఊరిని బేహార్ అనేవాళ్లు, ఏలుబడి స్పెయిన్ రాజుది. ఆయనకు పదిహేనేళ్లు వచ్చేసరికి మెక్సికో స్వతంత్రమైంది. ముప్పై నిండకముందే టెక్సస్ వేరే దేశమైంది. నలభై దాటకముందే టెక్సస్ అమెరికాలో కలిసింది. ఆయన ఇల్లు కదల్లేదు, ఊరు కదల్లేదు, నెత్తిమీద జెండా మాత్రం మారుతూ పోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన్ని ద్రోహి అన్నవాళ్లు మరిచింది ఇదే.

తండ్రి ఎరాస్మో సెగీన్ ఊరికి పోస్టుమాస్టరు, పెద్దమనిషి. 1821లో అమెరికా నుంచి వలసజనాన్ని తెచ్చి ఇక్కడ దింపుతానని స్టీఫెన్ ఆస్టిన్ వచ్చినప్పుడు ఎదురెళ్లి వెంటబెట్టుకొచ్చింది ఎరాస్మోనే. మెక్సికో కొత్త రాజ్యాంగం రాసుకున్న సభలో టెక్సస్ తరఫున కూర్చున్నదీ ఆయనే. ఈ ఎడారి అంచున జనం పలచన, చుట్టూ కొమాంచీ తెగవాళ్ల దాడులు. మనుషులొస్తే ఊరు బతుకుతుందనుకున్నారు. అలా వచ్చినవాళ్లు తమతో పాటు బానిసలనూ తెచ్చుకున్నారు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేస్తే వీళ్లకు అది మింగుడుపడలేదు. తర్వాత టెక్సస్ వేరుపడి రాసుకున్న రాజ్యాంగంలో బానిసత్వానికి చట్టం అండగా నిలిచింది. అలమో దగ్గర స్వేచ్ఛ గురించి చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తే ఒప్పుకోకండి. సెగీన్ పోరాడింది ఆ పక్షానే, ఆయన్ని మెచ్చుకునే నేను కూడా దాన్ని దాచను.

ఆయన పోరాటానికి కారణం వేరే ఉంది. 1824 రాజ్యాంగం రాష్ట్రాలకు చాలా అధికారాలిచ్చింది. మెక్సికో అధ్యక్షుడు శాంటా ఆనా దాన్ని పక్కకు నెట్టి అధికారమంతా మెక్సికో నగరంలో పోగేసుకున్నాడు. బేహార్ పెద్దలకు అది గిట్టలేదు. 1835లో ఆస్టిన్ సెగీన్‌కు కెప్టెన్ హోదా ఇచ్చాడు, ఈయన తన మనుషుల్ని గుర్రాలెక్కించాడు. టెక్సస్‌లో పుట్టి పెరిగిన మెక్సికన్లను తెహానోలంటారు. వాళ్లతో కట్టిన దండు అది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో శాంటా ఆనా సైన్యం వచ్చి అలమోను చుట్టుముట్టినప్పుడు సెగీన్ లోపలే ఉన్నాడు. ముట్టడి పదమూడు రోజులు నడిచింది. మొదటి రోజుల్లోనే, సాయం అడగడానికి రాత్రిపూట ఆయన్ని బయటికి పంపారు. శత్రువు కాపలా దాటి పోవాలంటే స్పానిష్ వచ్చినవాడే పోవాలి. బౌవీ జబ్బుపడి మంచం మీదున్నాడు, సెగీన్ అతని గుర్రం ఎక్కి పోయాడు. మార్చి 6న అలమో పడిపోయింది, లోపల పోరాడినవాళ్లు దాదాపు అంతా చచ్చిపోయారు. వాళ్లలో తెహానోలూ ఉన్నారు. సాయం తేవడానికి పోయినవాడు బతికిపోయాడు.

ఆ తర్వాత ఏప్రిల్ 21న శాన్ జసింటో దగ్గర అసలు యుద్ధం. సేనాపతి శామ్ హ్యూస్టన్ సెగీన్ దండును సామాన్ల కాపలాకు వెనకే ఉంచాలనుకున్నాడు. మొహాలు చూసి మెక్సికన్లనుకుని మనవాళ్లే కాల్చేస్తారేమోనని భయం. సెగీన్ ఒప్పుకోలేదు. ఈ యుద్ధంలో తమకు రావలసిన బాకీ అందరికన్నా ఎక్కువే ఉందని పట్టుబట్టాడు. చివరికి వాళ్ల టోపీల్లో అట్టముక్కలు దోపి, గుర్తు పెట్టి పంపారు. అంతమంది టెక్సన్ సైనికుల్లో గుర్తు పెట్టుకోవలసి వచ్చింది ఆ నేల మీద పుట్టినవాళ్లకే. యుద్ధం పద్దెనిమిది నిమిషాల్లో ముగిసింది, మర్నాడు శాంటా ఆనా దొరికిపోయాడు.

అలమోలో చచ్చినవాళ్లను శాంటా ఆనా చితులు పేర్చి కాల్పించాడు. ఏడాదిపాటు ఆ బూడిద అలాగే పడి ఉంది. 1837 ఫిబ్రవరిలో, కర్నల్‌గా ఈ ఊరి కావలి తన చేతిలో ఉన్నప్పుడు, సెగీన్ దాన్ని ఎత్తించి పెట్టెలో పెట్టి, గంటలు మోగిస్తూ ఊరేగింపుగా శాన్ ఫెర్నాండో చర్చికి తెచ్చి, సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిపాడు. అక్కడ ఆయన మాట్లాడింది స్పానిష్‌లో. ఆ బూడిద సరిగ్గా ఎక్కడ పాతారన్నది మాత్రం ఇప్పటికీ తగువే. ముసలితనంలో ఆయన రాసిన ఉత్తరం చర్చిలోనే అంటుంది, అప్పటి పత్రిక చెప్పింది వేరే చోటు.

అదే ఏడు ఇంకొకటి జరిగింది, నాకు యుద్ధాలకన్నా అది పెద్దదిగా కనిపిస్తుంది. ఫీలిక్స్ హ్యూస్టన్ అని ఒక జనరల్ ఉండేవాడు. శామ్ హ్యూస్టన్ వేరు, ఈయన వేరు. శత్రువుకు దక్కకుండా శాన్ ఆంటోనియోను ఖాళీ చేయించి నేలమట్టం చెయ్యమని సెగీన్‌కు హుకుం పంపాడు. సెగీన్ చెయ్యలేదు. అప్పటికి అధ్యక్షుడైన శామ్ హ్యూస్టన్‌కు మొరపెట్టుకుని ఆ హుకుం రద్దు చేయించాడు. ఊరు నిలిచింది. ఇవాళ మీరు ఐస్‌క్రీము తింటూ తిరిగిన ఆ వీధులు ఒక మనిషి పై అధికారి మాట కాదనడం వల్ల మిగిలిన ఊరివి. ఆ జనరల్ మాత్రం అది మరిచిపోలేదు.

తర్వాత టెక్సస్ రిపబ్లిక్ సెనేట్‌కు ఎన్నికయ్యాడు. ఆ సభలో తెహానో ఆయనొక్కడే. ఇంగ్లీషు సరిగా రాదు, దుబాసీని పక్కన పెట్టుకుని మాట్లాడాడు. చట్టాలు ఇంగ్లీషులోనే అచ్చేస్తే మా జనం తమకు తెలియని చట్టానికి ఎలా లోబడతారని అడిగి, స్పానిష్‌లోనూ అచ్చు వెయ్యాలని పోరాడాడు. 1839లో వాల్‌నట్ స్ప్రింగ్స్ అనే ఊరికి ఆయన పేరు పెట్టారు. అంతటి గౌరవం జరిగిన మూడేళ్లకే అదే జనం ఆయన్ని తరిమారు.

అదెలా జరిగిందో చెబుతాను. 1840 ఆఖర్లో ఆయన్ని ఈ ఊరి మేయరుగా ఎన్నుకున్నారు. నేననుకోవడం, ఫిరంగులు చెయ్యలేని పని ఆ కుర్చీ చేసింది. అప్పటికి తూర్పు నుంచి జనం తండోపతండాలుగా వస్తున్నారు. వచ్చినవాళ్లు ఊరి భూముల్లో ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ గుడారం వేసి నాదంటున్నారు. తాతల నాటి స్పానిష్ పట్టాలు చూపిస్తే చదివే దిక్కు లేదు, మెక్సికన్ వాడి కాగితం చెల్లదనే మాట ఒకటి. రాత్రికి రాత్రి బెదిరింపులు. దెబ్బతిన్న ప్రతి పాత కుటుంబమూ వచ్చి పడేది మేయరు గుమ్మంలోనే. ఆయన వాళ్ల పక్కన నిలబడ్డాడు. ఆక్రమణదారులకు ఆయన పక్కలో బల్లెమయ్యాడు.

ఆయన తప్పుల్లేని మనిషని నేననను. మెక్సికోలో అధికారమంతా కేంద్రం చేతిలో ఉండాలనే ప్రభుత్వం మీద తిరగబడుతున్న కనాలెస్ అనే నాయకుడికి సాయం చెయ్యడానికి ఆస్తి తాకట్టు పెట్టాడు. ఆ అప్పు తీర్చడానికి సరిహద్దు దాటి దొంగ వర్తకం చేశాడు. భూముల మీద బేరాలూ చేశాడు. కుర్చీలో ఉన్నవాడు ఇలాంటి పనులు చేస్తే ఎవరైనా వేలెత్తి చూపుతారు, చూపాలి కూడా. అయితే ఆ వేళ్లు చూపింది అప్పు పద్దుల్ని కాదు. శాంటా ఫే మీదికి పోయి ఓడి చెరపడిన టెక్సస్ దండును ఈయనే పట్టిచ్చాడన్నారు. మెక్సికోకు ఉత్తరాలు రాస్తున్నాడన్నారు.

1842 మార్చిలో వాస్కెజ్ అనే మెక్సికన్ జనరల్ ఊరి మీదికి వచ్చాడు. అతను వస్తాడని తాను ముందే హెచ్చరించానని సెగీన్ తర్వాత రాసుకున్నాడు. వాస్కెజ్ ఊరు పట్టుకుని, రెండ్రోజులుండి, సెగీన్ మనవాడే అన్న మాట విసిరి వెళ్లిపోయాడు. శత్రువు నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటను ఊళ్లో గిట్టనివాళ్లు వేదవాక్కు చేసుకున్నారు. వెళ్లిపోతున్న వాస్కెజ్‌ను తరుముతూ పోయిన దండులో సెగీన్ కూడా ఉన్నాడు, అది ఎవరికీ కనబడలేదు. ఆయన్ని పట్టుకోవడానికి గుంపులు తిరిగాయి. ఒక రాంచ్ నుంచి ఇంకో రాంచ్‌కి దాక్కుంటూ తిరిగాడు. 1842 ఏప్రిల్ 18న మేయరు పదవికి రాజీనామా చేసి సరిహద్దు దాటాడు. ఆ తర్వాత ఈ ఊరికి మెక్సికన్ జాతి మేయరు మళ్లీ 1981 దాకా రాలేదు.

మెక్సికోలో పూలదండలతో ఎదురొచ్చారనుకున్నారా? పట్టుకుని నిర్బంధించారు. శాంటా ఆనా మళ్లీ గద్దె మీదున్నాడు. జైలా, మా సైన్యంలో కొలువా, తేల్చుకోమన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెంట ఆడవాళ్లూ పిల్లలూ. కొలువుకే ఒప్పుకున్నాడు.

సెప్టెంబరులో జనరల్ వోల్ సైన్యం శాన్ ఆంటోనియోను పట్టుకుంది. జిల్లా కోర్టు నడుస్తుంటే జడ్జినీ వకీళ్లనూ జ్యూరీలనూ ఖైదీలుగా తీసుకుపోయారు. ఆ సైన్యంలో తన దండుతో సెగీన్ ఉన్నాడు. ఐదు నెలల కిందట మేయరుగా నడిచిన వీధుల్లోకి శత్రుసైన్యం వెంట గుర్రం మీద వచ్చాడు. నేను ఆ చోటికి వచ్చిన ప్రతిసారీ ఆగిపోతాను. ఆయన మనసులో ఏముందో ఎవరం చెప్పగలం? కానీ ఆ రోజు ఊళ్లో వాళ్లు చూసింది చూశారు. అప్పటిదాకా పుకారుగా ఉన్నది అప్పటినుంచి రుజువైపోయింది. 1846లో మొదలైన అమెరికా-మెక్సికో యుద్ధంలోనూ ఆయన మెక్సికో వైపే పోరాడాడు.

ఇక్కడ హోసే ఆంటోనియో నవార్రో గురించి చెప్పాలి. ఆయనా ఈ ఊరివాడే, సెగీన్‌కు తోటివాడే, టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు. శాంటా ఫే దండుతో పోయి పట్టుబడి, మెక్సికో చెరసాలల్లో ఏళ్లు గడిపి, టెక్సస్‌ను వదులుకోనని నిలబడి, తప్పించుకుని తిరిగొచ్చాడు. జనం నవార్రోను చూపించి సెగీన్‌ను నిందిస్తారు. నవార్రో గట్టితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ నవార్రోను సొంతూరి జనం తరమలేదు. ఇద్దరి పరీక్షలూ ఒకటి కాదు.

యుద్ధం ముగిశాక 1848లో సెగీన్ తిరిగొచ్చాడు. అంత జరిగాక ఎవడైనా వస్తాడా? ఆయన వచ్చాడు. తండ్రి రాంచ్ దగ్గర, ఇప్పటి ఫ్లోర్స్‌విల్ వైపు, ఇల్లు కట్టుకుని పశువులు పెంచుకున్నాడు. తనను నిందించినవాళ్లకు జవాబుగా 1858లో తన కథ తానే అచ్చువేయించాడు. జనం మళ్లీ ఓట్లు కూడా వేశారు. 1850లలో బేహార్ కౌంటీలో జస్టిస్ ఆఫ్ ది పీస్ అయ్యాడు, 1869లో విల్సన్ కౌంటీ జడ్జి అయ్యాడు. టెక్సస్ విప్లవంలో పోరాడినందుకు 1870లలో పింఛనూ వచ్చింది. ముసలితనంలో కొడుకు శాంతియాగో దగ్గరికి, సరిహద్దుకు అవతల న్యువో లొరేడోకు వెళ్లి, 1890 ఆగస్టు 27న అక్కడే కన్నుమూశాడు. 1974లో ఆయన అస్థికలను టెక్సస్‌కు తెచ్చారు. 1976 జూలై 4న, ఆయన పేరున్న సెగీన్ పట్నంలో సమాధి చేశారు.

మరి అన్నేళ్లు మేయరు ఎందుకు రాలేదంటావా, అమ్మడూ? మెక్సికన్ జనం లేక కాదు, పడమటి పేటలు నిండా వాళ్లే. కౌన్సిలు సభ్యుల్ని ఊరంతా కలిపి ఎన్నుకునే పద్ధతి ఉండేది. డబ్బున్న ఉత్తరపు పేటల పెద్దమనుషులు ఒక సంఘం కట్టి, ఎవరు నిలబడాలో వాళ్లే తేల్చేవాళ్లు. వాన పడితే పడమటి వీధులు మునిగేవి, అడిగే నోరు కౌన్సిల్లో ఉండేది కాదు. 1975లో ఓటు హక్కుల చట్టాన్ని టెక్సస్‌కూ వర్తింపజేశాక కేంద్రం అడ్డం తిరిగింది. 1977 నుంచి పేటకొక సభ్యుడు వచ్చాడు. నేను ఈ ఊరొచ్చింది ఆ తర్వాతే.

1981లో హెన్రీ సిస్నెరోస్ గెలిచాడు. అప్పటికాయనకు ముప్పైమూడేళ్లు. నాకింకా ఓటు లేదు. మా ఆఫీసులో ఊడ్చే పెద్దాయన, పడమటి పేటవాడు, మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికొచ్చాడు. పెళ్లేమైనా ఉందా అని అడిగాను. అప్పుడు ఆ పెద్దాయన నోటినుంచి మొదటిసారి విన్నాను సెగీన్ పేరు. ఆయనే చెప్పాడు, మాకు నూట నలభై ఏళ్ల తర్వాత మేయరొచ్చాడని.

సిస్నెరోస్ కథలోనూ మచ్చలున్నాయి. ఎనిమిదేళ్లు మేయరుగా చేసి, క్లింటన్ మంత్రివర్గంలో చేరాడు. ఒకామెకు ఇచ్చిన డబ్బు గురించి ఎఫ్‌బీఐతో అబద్ధమాడానని 1999లో నేరం ఒప్పుకున్నాడు, పదివేల డాలర్ల జరిమానా కట్టాడు, 2001లో క్షమాభిక్ష పొందాడు. ఆయన చేసిన తప్పును తప్పన్నారు. ఏ దేశం మనిషివని మాత్రం ఎవరూ తరమలేదు. సెగీన్‌కు దక్కనిది అదే.

రేపు ఎవరైనా కారు తీస్తానంటే ఐ-10 మీద తూర్పుకు, సెగీన్ పట్నానికి పోదాం. ముప్పై అయిదు మైళ్లే. సమాధి దగ్గర నేను ఇంకా చెబుతాను, ఎరాస్మో సంగతులు చాలానే మిగిలిపోయాయి.