ఉద్యోగోన్నతియు కల్పిత పరీక్షయు



చిరకాలము బాలురకు ప్రశ్నపత్రములిచ్చి మార్కులు వేసినవాడను గనుక, పరీక్షల చరిత్రయన్న నాకు మక్కువ యెక్కువ. వల్లించినవానికిని, పని నెఱిగినవానికిని గల భేదము కాగితముపై తేలదు. ఇల్లు కాలుచుండగా పదిమందిని నడిపింపవలసిన నాయకుని విషయమున ఈ భేదము ప్రాణములతో ముడివడియున్నది.

1942లో బ్రిటిషువారు సైనికాధికారుల నెన్నుకొనుటకు క్రొత్త మండలుల నేర్పరచిరి. కొందరు యువకులను జేర్చి, నాయకుని నియమింపక, ఒక కార్యము నప్పగించి, ఎవ్వడు తానై ముందునకు వచ్చునో కనిపెట్టుచుండిరి. మరుసటి యేడు అట్టి మండలియే మన డెహ్రాడూనులో వెలసెను. 1956లో అమెరికాలోని ఒక గొప్ప టెలిఫోను సంస్థ ఈ విధానమును తన యుద్యోగులపై ప్రయోగించి, ఆ ఫలితములను పై యధికారులకు దెలుపక దాచి, పిదప ఎవరెంత వృద్ధిలోనికి వచ్చిరో పరిశీలింపజేసెను. తరువాత ఆ దేశపు పోలీసు, అగ్నిమాపక దళములును దీనిని గైకొన్నవి.

పరీక్ష యెట్లుండుననగా: అభ్యర్థికి మండుచున్న మేడ చిత్రమును జూపుదురు. నిచ్చెన యెక్కడ వేయింతువు, నీటిగొట్టము నెటు త్రిప్పింతువు, ఎవరిని లోనికి బంపుదువు? అతడాజ్ఞలిచ్చుచుండగనే గాలి మరలినదందురు. పై కిటికీలో బిడ్డ కనబడినదందురు. వేఱొకచోట, అలిగిన క్రింది యుద్యోగి వేషమున నొకడు వచ్చి వాదించును. మఱియొకచోట కాగితముల గుట్ట ముందుంచి, ఏది ముందు విప్పునో చూతురు. పరీక్షకులు పలువురు, ఎవరికి వారు వ్రాసికొని, పిమ్మట కూడి నిర్ణయింతురు. కౌటిల్యుడును అమాత్యులను ఉపధలచే శోధింపుమనెను గాని, అది చాటుమాటు శోధన. ఇది ఇరువురు నెఱిగి యాడు నాటకము. ఇందు పొగ కన్నుల మండింపదను లోపము లేకపోలేదు.

అమెరికాలోని న్యూహేవెన్ నగరమున 2003లో అగ్నిమాపకోద్యోగులు 118 మంది ఉన్నతోద్యోగ పరీక్షకు గూర్చుండిరి. అందు వ్రాతకు నూటికి 60, మౌఖికమునకు 40 వంతులు. నల్లజాతివారిలో నొక్కనికైనను అప్పటి ఖాళీలలో స్థానము దక్కకుండుటచే, వ్యాజ్యములకు వెఱచి నగరమువారు ఫలితములను ద్రోసివేసిరి. అక్షరములు కుదురుగా చదువలేని బాధ గల ఫ్రాంక్ రిచ్చీ అనునతడు, పుస్తకములను ఇతరులచే చదివించి వినుచు, వేయి డాలర్లకు మించి వ్యయపఱచి, ఉత్తీర్ణుడైనవాడు. అతడును సహచరులును న్యాయస్థానమున కెక్కిరి. 2009లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, నగరముదే తప్పనెను. భిన్నాభిప్రాయము వ్రాసిన గిన్స్‌బర్గ్ న్యాయమూర్తి, ఇతర నగరములు కల్పిత సన్నివేశములతో పరీక్షించుచుండుటను ఎత్తిచూపెను.

రిచ్చీ పడిన శ్రమను దలచిన నాకు తీర్పు న్యాయమే యనిపించును. అయినను ఆ నగరమువారు ఫలితములను ద్రోయుటకు ముందు గాక, ప్రశ్నపత్రము కూర్చుటకు ముందే మండుచున్న మేడను దలచుకొనవలసి యుండెను.