చాందినీ చౌక్: తిండి, తిరుగుడు, చరిత్ర

రాజుల చరిత్రకు శాసనములు కలవు, కోటలు కలవు. వీధిలో నిలుచుండి ఆకులో పెట్టించుకొని తినువాని చరిత్రకు అట్టి సాక్ష్యము లరుదు. అయినను ఢిల్లీ నగరమున ఎర్రకోట ఎదుటినుండి ఫతేపురీ మసీదు వరకు సాగు చాందినీ చౌక్ విషయమున ఆ కొరత అంతగా లేదు. ఆ వీధిని చూచిన పరదేశీయులు, పొరుగు రాజ్యములవారు తాము చూచినది వ్రాసియుంచిరి. ఢిల్లీ వీధులలో అమ్ముడుపోవు తిండి అంతయు మొగలాయి పాదుషాల వంటశాలలనుండి వచ్చినదని లోకవాడుక. ఆ వ్రాతలను చదివి, నేటి అంగళ్లను చూచినచో ఆ వాడుక నిలువదు. ఈ తిండిలో పెద్దపాలు తమ ఊరు విడిచి ఈ ఊరు చేరినవారు వెంట తెచ్చుకొన్నది.

షాజహాను 1639లో కోటకు పునాది వేయించి, 1648లో అందు ప్రవేశించెను. 1650లో ఆయన కుమార్తె జహనారా బేగము ఈ అంగడి వీధిని తీర్పించెను. వీధి నడుమ కాలువ పారుచుండెను. యమున ఎగువభాగమునుండి అలీ మర్దాన్ ఖాను తెచ్చిన నీరే కోటలోనికిని, ఈ కాలువలోనికిని వచ్చుచుండెను. జహనారా కట్టించిన సరాయి ముందట ఒక కొలను కలదు. వెన్నెల రాత్రులలో అందు చంద్రబింబము కనిపించుటచే ఆ కూడలికి చాందినీ చౌక్ అను పేరు కలిగినదందురు. కూడలి పేరే క్రమముగా వీధి మొత్తమునకు వ్యాపించెను.

ఈ కాలువను గూర్చి ఒక కథ నేటికిని వినబడుచుండును. కాలువ నీరు ఒంటికి పడక జనులు జబ్బుపడిరనియు, హకీములు కారము, చింతపండు, పెరుగు దండిగా తినుడని చెప్పిరనియు, అందుండి చాట్ పుట్టినదనియు ఆ కథ. ఆనాటివారి సాక్ష్యమేదియు దీనికి కానరాదు. అయినను రుచిగల కథ కావున చాట్‌తో పాటు అదియు చెలామణి యగుచున్నది. మిరప, బంగాళాదుంప రెండును అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినవే. మిరప త్వరగా నాటుకొనెను గాని, బంగాళాదుంప ఉత్తరాదిని ఇంటింట వ్యాపించినది ఆంగ్లేయుల కాలముననే. నేడు పెనముపై చిటపటలాడు ఆలూ టిక్కీ రుచిని షాజహాను ఎరుగడు. మినపపిండితో చేసి పెరుగులో నానవేయు దహీ భల్లా మాత్రము మన ఆవడకు దగ్గరి చుట్టము. దాని వయస్సు వేరు.

ఔరంగజేబు కాలమున ఢిల్లీలో వసించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే 1663లో వ్రాసిన లేఖలో ఇచటి అంగళ్లను విపులముగా వర్ణించెను. బల్ఖు, బొఖారా, సమర్ఖండులనుండి వచ్చు బాదము, పిస్తా, ఎండుద్రాక్ష, శీతకాలమున దూదిలో చుట్టి తెచ్చు పచ్చిద్రాక్ష, ఖరీదైన ఖర్బూజాలు ఆయన కన్నులకు పండుగ చేసినవి. మిఠాయి దుకాణములు మాత్రము ఆయనకు నచ్చలేదు. దుమ్ము, ఈగలు అని విసుగుకొనెను. ఆ విసుగు నేటికిని పూర్తిగా కాలము చెల్లినదని చెప్పజాలము. మామిడిపండ్ల ప్రసక్తిలో ఆయన, ఢిల్లీ పండ్లు సామాన్యములనియు, బంగాళము, గోలకొండ, గోవాల పండ్లు శ్రేష్ఠములనియు వ్రాసెను. ఔరంగజేబు గోలకొండను గెలిచినది 1687లో. అంతకు ఇరువదినాలుగేండ్లు ముందే గోలకొండ మామిడి పేరు ఢిల్లీలో చెల్లుబడి యైనదన్నమాట.

ఈ వీధిని అందరికంటె చక్కగా చూచినవాడు దక్కనువాడగుట విశేషము. నిజాముల్ ముల్క్ అసఫ్ జా పరివారములో దర్గా కులీ ఖాను ఢిల్లీకి వచ్చి, 1741 వరకు అచట నుండెను. ఆయన పారశీక భాషలో వ్రాసిన గ్రంథము మురక్కా-ఎ-దెహ్లీ. కోట ముందరి సాదుల్లా ఖాను చౌకులో నాట్యకత్తెలు, కథకులు, జోస్యులు, సకలరోగములకును మందులమ్మువారు గుమిగూడి చేయు సందడిని ఆయన నెమ్మదిగా, ఇష్టముగా వర్ణించెను. చాందినీ చౌక్‌లో కాఫీశాలలు కలవనియు, అచట కవులు చేరి తమ కవితలు చదివి మెప్పు పొందుదురనియు తెలిపెను. ఒక ముచ్చట కూడ చెప్పెను. తండ్రిని కోల్పోయిన ఒక ప్రభువంశపు యువకుడు చాందినీ చౌక్‌లో విహరింప గోరెనట. తల్లి తండ్రి ఆస్తినుండి లక్ష రూపాయలు చేతికిచ్చి, ఆ వీధిలోని వింతవస్తువులు కొనుటకు ఇది చాలదు గాని, నీకు మనసైనవి కొన్ని కొనుక్కొనుమని సాగనంపెనట. వీధికి వెళ్లు పిల్లవానికి చిల్లర చాలదని తల్లి దిగులుపడుట కొత్త కాదు. మొత్తములో మాత్రమే భేదము.

ఆ కాఫీశాలల కాలముననే 1739లో నాదిర్షా దండెత్తి వచ్చెను. చాందినీ చౌక్‌లోనే, 1721లో కట్టిన సునెహ్రీ మసీదులో కూర్చుండి అతడు నగరమున జరుగు ఊచకోతను చూచెనందురు. వీధి మరల తెరచుకొనెను. 1857 దెబ్బ అంతకంటె లోతైనది. తిరుగుబాటు అణగిన పిదప ఆంగ్లేయులు కోట చుట్టును ఉన్న ఇండ్లను నేలమట్టము చేసిరి. దర్గా కులీ ఖాను చూచిన సాదుల్లా ఖాను చౌకు ఆ విధముగ మాయమాయెను. జహనారా సరాయి తావున పురమందిరము లేచెను. తరువాత కాలువ పూడిపోయెను. 1908లో ట్రాములు వచ్చి 1963లో పోయెను.

అయినను ప్రక్కసందులలో పొయ్యిలు ఆరలేదు. పరాఠావాలీ గలీలో పరాఠాను పెనముపై కాల్చక మూకుడులో నేతిలో వేచుదురు. ఉల్లి, వెల్లుల్లి తగులనీయరు. అచటికి కూతవేటు దూరమున జామా మసీదు పరిసరములలో, రాత్రియంతయు సన్నని సెగపై ఉడికిన నిహారీ తెల్లవారుజామున అమ్ముడగును. శీతకాలమున మాత్రమే దొరకునది దౌలత్ కీ చాట్. పాలను రాత్రి చలిలో, మంచులో ఉంచి, వేకువనే చిలికి, పైకి తేలిన నురుగును తీసి పెట్టుదురు. ఎండ ముదిరినచో అది కరగిపోవును. పేరులో సంపద యున్నను నిలువయుండునది కాదు.

1947 నాటి విభజనము ఈ నగరపు నాలుకనే మార్చివేసెను. 1941లో 9 లక్షల 18 వేలున్న ఢిల్లీ జనసంఖ్య 1951కి 17 లక్షల 44 వేలాయెను. వచ్చిన శరణార్థులు దాదాపు 5 లక్షలు. పంజాబు పల్లెలలో ఇరుగుపొరుగు స్త్రీలు పిండి తెచ్చి ఉమ్మడిగా రొట్టెలు కాల్చుకొను తందూరు శరణార్థుల పేటలలో వెలసెను. పెషావరులో మోతీ మహల్ అను భోజనశాలలో పనిచేసినవారు దర్యాగంజిలో అదే పేరుతో అంగడి తెరచిరి. వెన్నకోడి కూరను మొదట వండినదెవరను తగవు 2024లో ఢిల్లీ హైకోర్టు కెక్కెను. వాదిప్రతివాదులు ఇరువురును ఆ పెషావరువారి కుటుంబములవారే. తందూరీ కోడి కూడ 'మొగలాయి' జాబితాలో నేడు చేరియుండుట గమనింపదగును. వచ్చినవారి మాట ఎల్లరును చెప్పుదురు. అదే కాలమున మూడు లక్షలకు మించిన ముస్లిములు ఢిల్లీ విడిచిపోయిరి. వారిలో వంటవారును ఉండిరి. ఢిల్లీ నిహారీ నేడు కరాచీ నగరమున బర్న్సు రోడ్డుపై దొరకును.

ఇది కన్నీటి వలస. ఉత్తర్వు కాగితముపై వచ్చిన వలస వేరొకటి కలదు. 1911లో రాజధాని మార్పు ప్రకటింపబడినది మొదలు, ఏటేట వేసవికి సిమ్లాకును, చలికాలమునకు ఢిల్లీకిని దస్త్రములతో పాటు సంసారములను మోసికొనుచు తిరిగిన గుమాస్తాలదే ఆ వలస. కొత్త ఢిల్లీ ఉద్యోగుల కొరకు 1921లో గోల్ మార్కెట్టు కట్టబడెను. దక్షిణాదివారు అధికమైన కొలది ఇడ్లీ, దోసెలును వెలసినవి. కాఫీ బోర్డు మూసివేసిన కాఫీశాలలను 1957లో పనివారే సహకార సంఘముగా నిలబెట్టుకొనిరి. కన్నాట్ ప్లేసులోని వారి కాఫీశాలలో కవులు, పత్రికలవారు గంటల తరబడి కూర్చుండిరి. దర్గా కులీ ఖాను చూచియుండినచో ఆశ్చర్యపడియుండడు. అత్యయిక స్థితి కాలమున, 1976లో, దానిని పడగొట్టిరి.

క్వార్టర్లలోని తెలుగు ఇల్లాలికి చాందినీ చౌక్ కొసనున్న ఖారీ బావ్లీ తెలియనిది కాదు. బస్తాలలో మిరపకాయలు, పసుపు, చింతపండు, ఇంగువ అచట రాశులు పోసియుండును. గుంటూరు మిరప అను మాట ఆ అంగళ్లలో హిందీ యాసతో వినబడును. అచట కొనిపోవువారిలో చాట్ బండ్లవారు అనేకులు. అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్ భోజనశాల ముందు ఆదివారము మధ్యాహ్నమున నిలుచు వరుసలో తెలుగువారికంటె ఇతరులే అధికముగా కనిపింతురు. అన్నములో కందిపొడి, నేయి ఎట్లు కలుపుకొనవలెనో ప్రక్కవానిని చూచి నేర్చుకొని, రెండవసారి పొడి గిన్నెను తామే దగ్గరకు లాగుకొందురు.