ఏడాది లెక్క – చేబదులు పద్దు

‘ఆ రోజుల్లో తక్కువ జీతాలతో ఎట్లా గుట్టుగా సంసారాలు చేశామో పిల్లలకు తెలిసేట్టు నాలుగు మాటలు వ్రాయండి’ అని ప్రత్యేక సంచిక కోసం మన కార్యదర్శిగారు అడిగారు. సరేనని అటక మీది పాత పద్దు పుస్తకాలు దింపించాను. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ – ఉద్యోగరీత్యా ఈ మూడు ఊళ్లలో కాపురం చేసినన్నాళ్లూ మా ఇంట్లో వ్రాసుకున్న జమాఖర్చులవి. పొదుపు గురించి గొప్పగా వ్రాద్దామనే కూర్చున్నాను. రెండు రోజులు తిరగేశాక చూస్తే పొదుపు పద్దు సన్నగా ఉంది, చేబదులు పద్దు లావుగా ఉంది. పొదుపు చేసి పైకి వచ్చామని మనుమలకు చెప్పుకుంటాం గాని, మా పుస్తకాల ప్రకారం నలుగురి దగ్గర బదులు తెచ్చుకుని, నలుగురికి బదులిచ్చి బతికాం. కనుక అదే వ్రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మనకు జీతం నెలకోసారి వచ్చేది, ఖర్చు మాత్రం ఏడాదికోసారి వచ్చేది. సంక్రాంతి దాటి కల్లాల నుంచి వడ్లు ఇళ్లకు చేరినప్పుడు బియ్యం ధర దిగుతుంది. ఏడాది గింజలు అప్పుడే కొని, వేపాకు కలిపి దాచుకోవాలి. ఆ వెంటనే కందులు, ఎండుమిరపకాయలు, చింతపండు. ఎండాకాలంలో పచ్చడి మామిడికాయలు, నూనె. వానలు పడకముందే కట్టెలు. జూన్‌లో పిల్లల పుస్తకాలు, ఫీజులు. మా పుస్తకాల్లో ఏ సంవత్సరం చూసినా ఏడాది ఖర్చులో సగానికి పైన జనవరి–జూన్ మధ్యనే పడింది. చేతిలో ఒక్కసారి డబ్బు లేనివాడు అవే గింజలను నెలనెలా దుకాణంలో వీసెలు, కిలోల లెక్కన కొనేవాడు. శ్రావణ భాద్రపదాలకు ధర ఎక్కి కూర్చునేది. లేనివాడికి అన్నీ ప్రియమే అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ చిక్కు మా తరంతో మొదలైంది కాదు. మా నాన్నగారు హుజూర్‌నగర్ తాలూకాలో బడిపంతులు. ఆయన జీతం హాలీ సిక్కాలో. కోదాడ ప్రాంతం వారికి దగ్గరి పెద్ద బజారు జగ్గయ్యపేట, అది సరిహద్దు అవతల ఇంగ్లీషు ఇలాకా. అక్కడ చెల్లేది కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. పైగా సరుకు తెచ్చేటప్పుడు నిజాం సర్కారు వారి కరోడ్‌గిరి నాకాలో సుంకం. అందుచేత నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే బండి కట్టించుకుని, ఏడాదికొక్కసారి వెళ్లి, తెచ్చిన సరుకు పంచుకునేవారట. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్లో 1844లో 28 మంది కలిసి ఒక దుకాణం పెట్టుకుని సహకార ఉద్యమానికి దారి చూపారని తర్వాత శాఖా పరీక్షలకు చదువుకున్నాను. మా నాన్నగారి బండి అంత దూరం పోలేదు గాని, ఉపాయం అదే.

సర్కారు తరఫునా కొంత ఆసరా ఉండేది. హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగుల కుటుంబాల కోసం 1907లోనే పింఛను నిధి పెట్టారు. 1913లో అది జీవిత బీమా నిధిగా మారింది. ఉమ్మడి రాష్ట్రంలో మన జీతాల్లోంచి ఏపీజీఎల్‌ఐ అని కోసుకున్నది దాని కొనసాగింపే. సంస్థానానికి సహకార పరపతి సంఘాల చట్టం 1914లో వచ్చింది. మన కాలానికి జీపీఎఫ్ అప్పు, పది వాయిదాల్లో కోసుకునే పండగ అడ్వాన్సు, సరెండర్ లీవు ఉండేవి. ఇవి లేకపోతే ఎన్ని ఇళ్లలో బియ్యం గాబులు నిండేవి కావో మీకు తెలుసు. కాని ఇవన్నీ దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూసే పనులు. చింతపండు ధర మన బిల్లు పాసయ్యేదాకా ఆగదు గదా.

నేను కోదాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలోనే సాగర్ నీళ్లు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. అంతకుముందు జొన్న, ఆముదం పండిన చెలకలు కోదాడ, మిర్యాలగూడ వైపు ఎడమ కాలువ కింద మెల్లగా వరి మళ్లయ్యాయి. రైతుకు దానివల్ల జరిగిన మేలు చాలామంది వ్రాశారు. జీతగాడి ఇంటి లెక్కకు జరిగిన మేలు ఎవరూ వ్రాసినట్టు లేదు. రెండో పంట రావడంతో ధర దిగే అదను ఏడాదికి రెండుసార్లు వచ్చింది. సంక్రాంతికి తప్పిపోయినవాడు ఎండాకాలంలో కొనుక్కోవచ్చు. ఒక్కసారిగా కావలసిన డబ్బు సగమైంది. 1970ల మధ్య నుంచి మా పద్దుల్లో బియ్యం రెండు దఫాలుగా కనబడుతుంది. అదే కాలంలో సూర్యాపేటకు బదిలీ అయిన మిత్రుల ఇళ్లలో, మూసీ కాలువ కింద పండినా, ఏడాది కొనుగోలే ఇంకా కొన్నాళ్లు సాగింది.

ఇక చీటీ సంగతి. 1979లో నేనూ సూర్యాపేట చేరాక పన్నెండు మందిమి ఒక చీటీ కట్టుకున్నాం. పాట లేదు, కసరు లేదు. డిసెంబరులో కూర్చుని ఎవరికి ఏ నెల అవసరమో చెప్పుకుని వరుస వ్రాసుకునేవాళ్లం. పెళ్లి ఉన్నవారికి మాఘమాసం, పిల్లల ఫీజులవారికి జూన్, గింజలవారికి ఫిబ్రవరి, మార్చి. 1983 నాటికి మనిషికి నెలకు 50 రూపాయలు, ఎత్తుకునేవారికి 600.

ఆ ఏడాది జనవరి చీటీ మాలో పెద్దవారైన హెడ్ గుమాస్తాగారు బిడ్డ పెళ్లికి ఎత్తుకున్నారు. ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికే 55 నిండిన వేలాదిమంది ఫిబ్రవరి 28న ఒక్కరోజే దిగిపోయారు. మా పెద్దసారు వారిలో ఒకరు. ఇంకా మూడేళ్లు జీతం వస్తుందని వేసుకున్న లెక్క అంతా తారుమారైంది. మా చీటీకి ఆయన ఇంకా పది నెలలు, అంటే 500 రూపాయలు కట్టాలి.

ఆ సాయంత్రం మేము పదకొండు మందిమి కూర్చున్నాం. ఆయనను పిలవలేదు. ఎత్తుకున్నవాడు కట్టక తప్పదు, గ్రాట్యుటీ వస్తుంది గదా అందులోంచి ఒకేసారి తీసుకుందామని ఒకరు అన్నారు. ఆ ఒకరూ నేనే. ఏప్రిల్ చీటీ నాది. 600 చూసుకునే మిల్లు దగ్గర బియ్యానికి మాట ఇచ్చి ఉన్నాను. మా మాటల్లో ఆయన పేరు రాకుండా జాగ్రత్తగా మాట్లాడుకున్నాం, అది ఇప్పటికీ గుర్తుంది. చివరకు మాలో అందరికన్నా చిన్నవాడైన టైపిస్టు, ‘సారు ఇరవై అయిదు కట్టనీయండి. నెలకు ఇరవై అయిదు తక్కువైతే ఎవని ఇల్లు కూలదు’ అన్నాడు. మార్చి నుంచి డిసెంబరు దాకా పది మంది 575 చొప్పున ఎత్తుకోవడం, ఆ పది మందికి పడిన 25 రూపాయల లోటును ఆయన వచ్చే ఏడాది నెలకొకరికి తీర్చడం – ఇదీ ఒప్పందం. కాగితం కూడా వ్రాసుకోలేదు. 1984 అక్టోబరు నాటికి చివరి పాతిక కూడా తీరింది. నా పాతిక ఫిబ్రవరిలో ఆయనే ఇంటికి తెచ్చి ఇచ్చారు. మా ఆవిడ తీసుకోవద్దంది. తీసుకోకపోతే ఆయన నొచ్చుకుంటారని తీసుకున్నాను.

ఆ తర్వాత వయసు మళ్లీ 58కి పెంచారు. మధ్యలో దిగిపోయినవారి విషయం 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. 58 నిండనివారిని తిరిగి తీసుకోవలసి వచ్చింది. పెద్దసారు మరి కొద్ది నెలలు పని చేసి సక్రమంగా రిటైరయ్యారు.

1986 చివర ఎన్జీవోల సమ్మె వచ్చింది. యాభై రోజులు దాటింది. సమ్మెలో జీతం లేకపోవడం ఒక ఎత్తు, అది కార్తీక మార్గశిరాల్లో రావడం మరో ఎత్తు. పాత గింజలు అడుగంటి, కొత్తవి ఇంకా రాని రోజులవి. కిలో రెండు రూపాయల బియ్యం పథకం 1983లోనే వచ్చినా అది నిరుపేదల కార్డులకు, మనకు కాదు. రెండో నెల సగంలో ఒకనాడు పెద్దసారు రిక్షాలో బస్తా వేసుకుని వచ్చారు. ‘మా ఇంట్ల తినేది ఇద్దరమే, గింజలు ఎక్కువున్నయి. మీ మీ ఇండ్లకు కొలుసుకోండి, సంక్రాంతికి కొత్తవి వచ్చినంక అంతే కొలిచి పెట్టండి’ అన్నారు. ఉచితంగా ఇస్తానంటే మేము పుచ్చుకునేవాళ్లం కాదని ఆయనకు తెలుసు. మానికతో కొలుచుకున్నాం. పద్దు పుస్తకంలో ఆ రోజు ‘పెద్దసారు – బియ్యం – 6 మానికలు’ అని ఉంది, మీద గీత ఉంది. గీత అంటే తీరినట్టు.

ఆడవారి బదుళ్లు ఇందులో పావువంతు కూడా లేవు. మేము చీటీ లెక్కలు వ్రాస్తే వారు వ్రాయకుండానే గుర్తుంచుకున్నారు. ‘వదినా, ఒక గిన్నెడు చక్కెర’ దగ్గర్నుంచి పురిటికి వెళ్లిన ఇంటి పిల్లలకు పదిహేను రోజుల అన్నం దాకా అన్నీ వారి నోటి పద్దులే. చింతపండు గంపలతో కొని ఐదిళ్లవారు ఒకే అరుగు మీద కూర్చుని గింజ తీసేవారు. మనం రోజూ తాగిన చారులో ఆ కూలి ఖరీదు ఎవరూ లెక్క కట్టలేదు.

ఇంకొక సంగతి వ్రాయకుండా దాటవేయవచ్చు, కాని చరిత్ర అన్నాక వ్రాయాలి. మా పన్నెండు మందిలో అటెండరు లేడు. ఒకసారి అడిగాడు. ‘నీ జీతానికి యాభై ఎక్కడ కడతావు తమ్మీ’ అని నవ్వి పంపాం. అతను బజారులో రోజువారీ వడ్డీకి తెచ్చుకునేవాడు. పొద్దున నూరు వ్రాసి తొంభై చేతిలో పెట్టే అప్పులవి. అందరికంటే చేబదులు అవసరమైనవాడిని బయట పెట్టి, మేము లోపల ఒకరికొకరం ఆదుకున్నాం. ఎవరికి నమ్మకముందో వారికే బదులు పుడుతుంది. ఆ నమ్మకం జీతం స్కేలును బట్టి పుట్టిందని అప్పుడు తోచలేదు.

అతని భార్య మాకు పాఠం చెప్పింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు మొదలుపెట్టిన సారా పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయిని రోజూ దాచుకునే పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. స్వయంసహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని నాబార్డు 1992లో చేపట్టింది. 1995లో మన రాష్ట్రంలో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. నేను మిర్యాలగూడకు మారాక ఒక పెళ్లిలో ఆమె కలిసి మా ఆవిడతో చెప్పిన మాట: ‘మాది పదిహేను మంది సంఘం అమ్మా. నెలకు ముప్పై. అందరికన్న లేనిదానికి ముందు ఇస్తం.’ మేము ముందు ఎవరికి ఇచ్చామో మీకు చెప్పాను.

మిర్యాలగూడ రోజుల గురించి ఎక్కువ వ్రాయను. మిల్లుల ఊరు కనుక బియ్యం చవక, నూకలు ఇంకా చవక, ఉప్మాకు కొదవ లేదు. అక్కడ మా ఆవిడ ఒక పాట చీటీలో చేరింది. పదహారు నెలలు కట్టాక నిర్వాహకుడు కుటుంబంతో సహా ఊరు విడిచిపోయాడు. పాట చీటీలో అవసరం ఎక్కువున్నవాడు ఎక్కువ వదులుకుని ఎత్తుకుంటాడు, ఆగగలిగినవాడు లాభపడతాడు. మేము ఆగగలిగినవాళ్లమని ఆగాం. ఆ లాభమూ పోయింది, అసలూ పోయింది.

2003లో రిటైరయ్యాను. పింఛను దయాధర్మం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఫలం మనమందరం అనుభవిస్తున్నాం. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగినప్పుడు మా వీధిలో కొలువు చేసే పిల్లల సంసారాలకు పెద్దవారి బ్యాంకు పుస్తకాలే ఆధారమయ్యాయి. 2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ నల్లగొండలోనే. నా మిత్రులు రెండు జిల్లాల సంఘాల్లో ఉన్నారు. 2020లో కరోనా నెలల్లో పింఛన్లలో కోత పడి తర్వాత తిరిగి వచ్చింది గదా, అప్పుడు ఫోన్లలో మళ్లీ ఆ పాత మాట విన్నాను: ‘ఏమన్న బదులు కావాల్నా?’

పుస్తకాలు సంఘం ఆఫీసులో ఉంచుతున్నాను, కావలసినవారు చూడవచ్చు. 1979ది మాత్రం చెదలు తిన్నది. చేబదులు పేజీల్లో గీత పడని పద్దులు ఏడు ఉన్నాయి. వాటిలో ఆరు మాకు రావలసినవి, అవి వదిలేశాం. ఏడోది మేము ఇవ్వవలసినది: 1974, కోదాడ, పక్కింటి పిన్నిగారు, కందిపప్పు 2 మానికలు. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ ఎండాకాలమే బదిలీ అయి వెళ్లిపోయారు. వారి పిల్లలెవరైనా ఈ సంచిక చూస్తే మన ఆఫీసులో కబురు చెప్పగలరు.