ఒడుగుల గాయం - ఇంటి సంరక్షణ: ఒక చారిత్రక పరిశీలన

రాయలసీమ పల్లెలలో తెలుగు ఇంటిభాషగా గల ముస్లింలు ఖత్నాను ఒడుగులు అని పిలవడం కద్దు. నంద్యాలకు, నల్లమల అడవికి నడుమనున్న బండి ఆత్మకూరు ప్రాంతంలోను, ఆళ్ళగడ్డ వైపునను అరబ్బీ మాటకన్న ఈ మాటే ఇంటి ఆడవారికి దగ్గరిది. వడుగు అనగా ఉపనయనము. ఊహ తెలిసిన బాలునికి చుట్టపక్కాలను పిలిచి జరిపే వేడుక అనే భావం ఆ మాటలోనే ఇమిడియున్నది. పురిటి బిడ్డకు ఒడుగులు అన్న ఊహ ఆ మాట పుట్టిననాటిది కాదు.

ఇటీవలి దశాబ్దాలలో ఈ స్థితి మారుతున్నది. ప్రసవాలు ఆసుపత్రులకు చేరిన తరువాత, పుట్టిన కొద్ది దినాలకే బిడ్డకు సున్తీ చేయించి ఇంటికి తీసికొనిపోయే కుటుంబాలు ఎక్కువగుచున్నవి. ఇందులో షరీఅత్‌కు విరుద్ధమైనదేమియు లేదు. అయితే వయస్సు మారినంత తేలికగా ఇంటి సంరక్షణ మారలేదు. ఏడేళ్ళ బాలునికోసం తరతరాలుగా ఏర్పడిన పద్ధతులు ఏడు దినాల శిశువుకు సరిపడునా అన్న ప్రశ్నను పెద్దలు తగినంతగా వేసికొనలేదనే చెప్పవలెను.

మొదట వయస్సు సంగతి. సున్తీ ఐదు ఫిత్రత్ ఆచారాలలో ఒకటని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను కలదు. హజ్రత్ ఇబ్రాహీం (అలై) ఎనభై ఏళ్ళ ప్రాయంలో సున్తీ చేసికొన్నట్లు బుఖారీలోనే ఉన్నది. దైవప్రవక్త (సల్లం) పరమపదించిన నాటికి తనకు సున్తీ అయియున్నదని, ఆ కాలంలో బాలుడు యుక్తవయస్సుకు చేరువైతేనే గాని చేసేవారు కాదని హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (రజి) తెలిపియున్నారు. షాఫయీ ఫఖీహులు ఏడవ దినమును మేలైనదన్నారు. ఇమాం మాలిక్ ఆ దినమును ఇష్టపడక, పాలపళ్ళు ఊడే ప్రాయాన్ని ఎంచుకొన్నారు. మన ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు అనుసరించే ఇమాం అబూ హనీఫా దీనికి నిర్ణీత కాలం చెప్పలేదు. కనుక ఏడవ దినమున చేయలేదని తల్లిదండ్రులను నిందించడానికి గాని, బిడ్డ బలహీనంగా ఉన్నను తొందరపడడానికి గాని ఆధారం లేదు.

తెలుగు నేలమీద ఈ ఆచారం పూర్వం ఎట్లు జరిగెడిదో తెలిపే గ్రంథం ఒకటి ఉన్నది. ఏలూరు ప్రాంతానికి చెందిన జాఫర్ షరీఫ్, మద్రాసు సర్కారులో వైద్యుడైన హెర్‌క్లాట్స్ కోరికపై దక్కనీ భాషలో వ్రాసిన ఖానూనె ఇస్లాం అది. హెర్‌క్లాట్స్ దానిని ఆంగ్లంలోనికి మార్చి 1832లో లండన్‌లో వెలువరించినాడు. అందులో కనబడేది పసిబిడ్డ కాదు, పూలతో అలంకరించి, బోర్లించిన కొత్త కుండపై కూర్చుండబెట్టిన బాలుడు. పని చేసేవాడు హజ్జాం. గాయం మానుటకు వారం రోజులు. అంతకుమించి ఇంటిలోని సేవ గురించి ఆ గ్రంథంలో చెప్పుకోదగినంత లేదు. వేడుకకు వచ్చినవారు వేడుకనే వర్ణిస్తారు గదా, తరువాతి రాత్రుళ్ళు మేలుకొన్న తల్లి మాట ఎవరు వ్రాస్తారు!

ఆ మాట కొంతైనా వ్రాసినవాడు అందులూసియాకు చెందిన అబుల్ ఖాసిం అజ్-జహ్రావీ. ఆయన క్రీ.శ. 1013 ప్రాంతంలో మరణించినాడు. అత్-తస్రీఫ్ అను తన మహాగ్రంథపు చివరి భాగంలో బాలుర సున్తీకి ఒక అధ్యాయం కేటాయించినాడు. ప్రాచీన యవన వైద్యులకు ఈ ఆచారం లేనందున వారి పుస్తకాలలో దీని మాట లేదని, తాను అనుభవంవల్లనే నేర్చుకొన్నానని చెప్పి, పనిముట్టు బాలుని కంటబడకుండా దాచవలెనని కూడ వ్రాసినాడు. కోయుట ఎంత ముఖ్యమో తరువాతి కట్టు అంత ముఖ్యమని ఆయన గ్రహించినాడు. రక్తం ఆగుటకు ఎండిన సొరకాయ కాల్చిన బూడిదను, ఆపైన గులాబీ నూనెతో కలిపిన గుడ్డుసొనను వాడుమన్నాడు. ఈ మందులు నేడు వాడదగినవి కావు. బూడిదలో, మసిలో, మట్టిలో ధనుర్వాత క్రిములుండునని ఆ కాలానికి తెలియదు. తెలుగు పల్లెలలోను గాయమనగానే పసుపు, బూడిద, నూలుగుడ్డ కాల్చిన మసి గుర్తుకు వచ్చేవి. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ 2003లో, దేశమంతా 2015లో గుర్తింపు పొందినవి. తల్లులకు వేసిన టీకాలవల్లను, శుభ్రమైన ప్రసవంవల్లను వచ్చిన ఆ మేలును పచ్చిగాయంపై చల్లే పిడికెడు బూడిదతో పోగొట్టుకొనరాదు.

జహ్రావీ మరొక విషయం కూడ నమోదు చేసినాడు. ఒక కుటుంబంలోని మగవారు స్వల్ప గాయానికే రక్తం ఆగక మరణించడం గమనించినాడు. దీనినే నేడు హీమోఫిలియా అంటున్నారు. ఇది తల్లి ద్వారా కొడుకులకు వచ్చును. ఏడేళ్ళు ఆడి, పడి, మోకాళ్ళు చెక్కుకొన్న బాలునికి ఈ జబ్బు ఉన్నదో లేదో చాలవరకు ఒడుగుల నాటికే ఇంటివారికి తెలిసిపోయెడిది. వారం దినాల బిడ్డకు అట్టి పూర్వచరిత్ర లేదు. అందుచేత అడుగవలసినది మేనమామల సంగతి: వారి ఒడుగులప్పుడు, పన్ను పీకించుకొన్నప్పుడు రక్తం ఎంతకు ఆగినది? ఈ ప్రశ్న వైద్యుడు అడుగకున్నను పెద్దలే చెప్పవలెను. మూడు కిలోల శిశువు ఒంటిలోని రక్తమంతా సుమారు 250 మిల్లీలీటర్లు, అనగా రెండున్నర చిన్న టీ గ్లాసులు. బాలునికి లెక్కలోనికి రాని రక్తం శిశువు విషయంలో ప్రాణాపాయం. పుట్టగానే ఇచ్చే విటమిన్-కె సూది పడినదా అని విచారించుట కూడ ఇందుకే.

ఇక ఇంటి సంగతి. బాలుడైతే లుంగీని గాయానికి తగలకుండా చేత్తో పట్టుకొని నడుస్తాడు, నొప్పియైతే చెబుతాడు. శిశువు ఏడ్పు ఆకలికో, నొప్పికో తల్లికే తెలియదు. పైగా అది పురిటి ఇల్లు. కాళ్ళు చాపి కూర్చున్న ముసలమ్మ తన కాళ్ళపై బిడ్డను బోర్లవేసి, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగవేసి, బిగువుగా గుడ్డ చుట్టుట మన తెలుగు ఇండ్ల మురిపెమైన ఆచారం. గాయమున్న బిడ్డకు ఇందులో ప్రతిదీ చేటే. బోర్లవేస్తే ఒరిపిడి, సున్నిపిండి గరుకు, బిగించిన గుడ్డలో తడి. గాయం మానేవరకు ఒళ్ళు తుడిచి ఊరకుండుట మేలు. ముసలమ్మకు కోపం వచ్చినను ఆ కొద్ది దినాలు ఓర్చుకొనవలెను.

వైద్యులు చెప్పేది నిజానికి చాల కొద్ది. మలమూత్రాలు తగిలినప్పుడు గోరువెచ్చని శుభ్రమైన నీటితో కడిగి, అద్ది ఆరనిచ్చి, చెప్పిన మేరకు వాసలీను రాసి, వదులుగా గుడ్డ వేయుట, అడిగినప్పుడెల్ల చనుబాలిచ్చుట. రెండు మూడు దినాలకు గాయంపై పలుచని పసుపు పొర కనబడును. అది చీము కాదు, మానుదలే. దానిని గీకి తీయరాదు. గాయానికి ప్లాస్టిక్ ఉంగరం వేసియుంటే అది తానుగా రాలిపోవలెనే గాని లాగరాదు. సాధారణంగా వారం పది దినాలలో మానును. ఒత్తిపట్టినను రక్తం ఆగకున్నను, పన్నెండు గంటలపాటు మూత్రం రాకున్నను, జ్వరం వచ్చినను, ఎరుపు, వాపు పైకి ప్రాకినను, బిడ్డ పాలు విడిచినను తెల్లవారేదాక ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను.

కొందరు బిడ్డలు పూర్వచర్మం సగమే కలిగి పుడతారు. దానిని పుట్టు సున్తీ అని మురిసిపోయేవారున్నారు. క్రీ.శ. 1350లో మరణించిన ఇబ్న్ ఖయ్యిం, శిశువుల గూర్చి వ్రాసిన తుహ్‌ఫతుల్ మౌదూద్‌లో, ఇట్లు పుట్టుట ఒక ఘనత కాదనే భావం వెలిబుచ్చినాడు. అట్టి బిడ్డలలో పలువురికి మూత్రద్వారం క్రిందిభాగాన ఉండును. దానిని సరిచేయు శస్త్రచికిత్సకు మిగిలియున్న ఆ చర్మమే పనికివచ్చును గనుక తొందరపడి కోయించరాదు, వైద్యునికి చూపవలెను.

ఆ గ్రంథంలోనే బాధ్యత ప్రసక్తి కూడ ఉన్నది. పని తెలియనివాడు చికిత్స చేసి హాని కలిగిస్తే బాధ్యుడగునని హదీసు. పని తెలిసినవాడైనను, తీవ్రమైన ఎండలోనో చలిలోనో, తట్టుకొనలేని బలహీన శిశువుకు సున్తీ చేస్తే నష్టానికి జవాబుదారీ అగునని ఫఖీహుల మాట. బడి సెలవులని, చుట్టాలు కలుస్తారని, నంద్యాల ప్రాంతపు మే నెల ఎండలలో ఒడుగులు పెట్టుకొనేవారు ఈ మాటను గుర్తించవలెను. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరచినారు. అదే దినమున జాఫర్ షరీఫ్ ఏలూరులోను ఒకటి తెరచినారు. బండి ఆత్మకూరు తల్లికి ఇప్పుడు వైద్యుడు మరీ దూరం కాదు. ముందుగా మేనమామల సంగతి, బిడ్డ బరువు, కామెర్లు ఉన్నదీ లేనిదీ ఆ వైద్యునికి చెప్పి, చేయదగునన్న తరువాతనే దినం నిర్ణయించుకొనవలెను.