పూర్వపక్షం మార్చిన సిద్ధాంతం: పునరుత్థానంపై సెల్సస్ సందేహాలు, ఆరిజెన్ సమాధానాలు

యేసు మరణించి తిరిగి లేచాడన్న విశ్వాసాన్ని గ్రీకు తత్త్వదృష్టితో సమగ్రంగా ప్రశ్నించిన తొలి రచయితల్లో సెల్సస్ ముఖ్యుడు. క్రీ.శ. 2వ శతాబ్ది చివరి పాదంలో అతడు రాసిన ‘సత్య సిద్ధాంతం’ విడిగా లభించడం లేదు. దాదాపు డెబ్భై ఏళ్ల తరువాత, 248 ప్రాంతంలో, పాలస్తీనాలోని కైసరయలో ఉంటూ ఆరిజెన్ ఆ గ్రంథాన్ని ఎనిమిది సంపుటాలలో ఖండించాడు. సెల్సస్ వాదం నేటికి తెలుస్తున్నది ఈ ఖండనలో ఉదాహరించిన భాగాల వల్లనే. పూర్వపక్షం ప్రత్యర్థి గ్రంథంలో మిగిలి ఉండడం భారతీయ దర్శన చరిత్ర ఎరిగినవారికి కొత్తకాదు. చార్వాకుల మాటలు కూడా చాలావరకు వారిని నిరసించినవారి రచనల్లోనే దక్కాయి.

ఈ పనికి ఆరిజెన్ ఉత్సాహంగా పూనుకోలేదు. తనను పోషించి ప్రోత్సహించిన అంబ్రోస్ కోరిక మేరకే రాశానని పీఠికలో చెప్పాడు. అబద్ధ సాక్షుల ఎదుట యేసు మౌనం వహించాడు కనుక శిష్యుల జీవితమే సరైన సమాధానమని అతని అభిప్రాయం. మొదట ప్రధానాంశాలను సంగ్రహంగా గుర్తించి తరువాత క్రమబద్ధం చేయాలనుకొని, మధ్యలో ఆ పద్ధతి విడిచి సెల్సస్ వాదాన్ని వరుసగా ఎదుర్కొన్నాడు. పరిశోధకులకు ఈ మార్పే మేలుచేసింది. ప్రత్యర్థి మాటలను వెంటవెంటనే ఉదాహరించవలసి రావడంతో సందేహవాది స్వరం ఇంత స్పష్టంగా నిలిచింది.

సెల్సస్ తన సందేహాలను మొదట ఒక యూదుని నోట పలికించాడు. చనిపోయి తిరిగి వచ్చినవారి కథలు గ్రీకులలోనూ ఉన్నాయి. ఓర్ఫియస్, హెరాక్లిస్, పైథాగరస్ కథలను నమ్మనివారు దీనిని మాత్రం ఎందుకు నమ్మాలి? లేచినవానిని చూసింది ఎవరు? మతి చలించిన ఒక స్త్రీ, ఆమెవంటి మరొకరు. వారు కలగని ఉండవచ్చు, కోరుకున్నదే చూసి ఉండవచ్చు. నిజంగా లేచినవాడైతే తనకు శిక్ష విధించినవారికి కనబడవలసింది కదా?

మొదటి ప్రశ్నకు ఆరిజెన్ జవాబు పదునైనది. ఆ వీరులు జనానికి దూరంగా దాగి, తిరిగివచ్చి కథ అల్లి ఉండవచ్చు. యేసు మరణమో అందరి ఎదుట సిలువ మీద జరిగింది. చూసింది ఒక్క స్త్రీయే కాదంటూ సువార్తలలోని ఇతర సాక్షులను ముందుకు తెచ్చాడు. పగటివేళ, మతి స్థిమితంగా ఉన్నవారికి అటువంటి భ్రమ కలగడం నమ్మదగినది కాదన్నాడు. కట్టుకథ కోసం శిష్యులు ప్రాణాపాయానికి సిద్ధపడి బోధించేవారా అన్నది అతని మరో ప్రశ్న. అయితే ఈ చివరి తర్కం శిష్యుల చిత్తశుద్ధిని నిరూపిస్తుందే గాని, వారు చూసినదాని స్వరూపాన్ని నిరూపించదు.

పిలాతుకు ఎందుకు కనబడలేదన్న ప్రశ్న దగ్గర వాదం దిశ మారుతుంది. చూసే శక్తి అందరికీ సమానం కాదనీ, లేచిన యేసు ఆ శక్తి ఉన్నవారికే దర్శనమిచ్చాడనీ ఆరిజెన్ సమాధానం. సాక్ష్యం గురించి అడిగితే అధికారి భేదం చెప్పడం ఇది. న్యాయస్థానంలో నిలవని జవాబు. కానీ ఈ జవాబు నిలవాలంటే లేచిన దేహం ఎవరి కంటికైనా తప్పక కనబడే మామూలు దేహం కాకూడదు. అందుకే మరణానికి ముందున్న స్థూల దేహానికీ, దేహం విడిచిన ఆత్మకూ మధ్యస్థమైన స్థితిలో అది ఉన్నదని రెండవ సంపుటంలోనే అన్నాడు.

దీని పర్యవసానం ఐదవ సంపుటంలో కనిపిస్తుంది. కుళ్లిన శవంలోకి తిరిగి వెళ్లాలని ఏ ఆత్మ కోరుకుంటుంది, అది పురుగులకు తగిన ఆశ అని సెల్సస్ ఎద్దేవా చేశాడు. దేవునికి సమస్తం సాధ్యమంటూ తప్పించుకోవద్దనీ, ప్రకృతి విరుద్ధమైనది దేవుడు చేయడనీ ముందే దారి మూశాడు. ఆరిజెన్ ఆ దారి తొక్కలేదు. కుళ్లిన దేహం యథాతథంగా లేస్తుందని తాము అనడం లేదన్నాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలోని గింజ ఉపమానాన్ని ఆధారం చేసుకున్నాడు. నశించిన గోధుమ గింజ మళ్లీ అదే గింజ కాదు, వెన్నుగా వస్తుంది. అలాగే దేహంలో నశించని బీజతత్త్వం ఒకటి ఉన్నదని, దాని నుండి అక్షయమైన దేహం లేస్తుందని వివరించాడు.

మరొకచోట ఆరిజెన్ ఒక అపోహను తోసిపుచ్చాడు. ఆత్మ దేహాంతరం పొందుతుందన్న సిద్ధాంతాన్ని సరిగా అర్థం చేసుకోక క్రైస్తవులు పునరుత్థానాన్ని కల్పించుకున్నారని సెల్సస్ భావన. తెలుగు పాఠకునికి ఈ భేదం రెండు మాటల్లోనే దొరుకుతుంది. పునర్జన్మలో ఆత్మ మరొక దేహాన్ని ధరిస్తుంది. పునరుత్థానంలో మనిషే తిరిగి లేస్తాడు. గ్రీకు మూలపదం ‘అనస్తాసిస్’కు కూడా లేచి నిలవడమనే అర్థం. కానీ లేచేది అదే దేహం కానప్పుడు లేచినవాడు అదే మనిషి ఎలా అవుతాడు? ఈ ప్రశ్నను ఆరిజెన్ సమాధానమే తెచ్చిపెట్టింది.

దానిని గట్టిగా పట్టుకున్నవారు సందేహవాదులు కారు, క్రైస్తవులే. ఒలింపస్ మెథోడియస్ పునరుత్థానంపై ప్రత్యేక గ్రంథం రాసి, లేచేది ఈ దేహమేనని ఆరిజెన్‌ను ఖండించాడు. ఆత్మల పూర్వాస్తిత్వం మొదలైన ఇతర ఆరోపణలూ వచ్చి చేరాయి. 543లో జస్టినియన్ చక్రవర్తి ఆరిజెన్ బోధలపై శాసనం వెలువరించాడు. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ అతని పేరును మతభ్రష్టుల జాబితాలో చేర్చింది. 250లో డీసియస్ హింసాకాండలో విశ్వాసం కోసం చెరసాల పాలై చిత్రహింసలు అనుభవించినవాడికి ఆ విశ్వాసం పేరిటే ఈ శిక్ష పడింది.

అతని గ్రీకు రచనలు చాలావరకు నశించాయి. ఈ ఖండన గ్రంథం మాత్రం మూలభాషలో పూర్తిగా నిలిచింది. 1941లో ఈజిప్టులోని తూరా రాతిగనుల్లో బయటపడిన పాపిరస్ ప్రతులలో దీని మొదటి రెండు సంపుటాల సంగ్రహభాగాలు ఉన్నాయి. అవి 6, 7 శతాబ్దాల నాటివిగా భావించేవి, అంటే సుమారుగా ఆరిజెన్‌పై నిషేధం వెలువడిన కాలంలోనో ఆ తరువాతనో ఎవరో కూర్చుని రాసుకున్నవి.