పాత బుల్లెట్ ఇంజిన్ బలం పెంచవచ్చా? సాధ్యమెంత, ప్రమాదమెంత?

ఇంట్లో ఏళ్ల తరబడి మూలనపడి ఉన్న పాత బుల్లెట్‌ను బయటికి తీసి మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లేవారు సాధారణంగా రెండు కోరికలు చెబుతారు. బండికి పికప్ పెరగాలి. దారిలో ఆగిపోకూడదు. ఒక కోరిక తీర్చుకోవడానికి చేయించిన మార్పు రెండో కోరికను దెబ్బతీస్తుందన్న సంగతి చాలామందికి ఇంజిన్ సీజ్ అయ్యాకే తెలుస్తుంది.

దేశంలో ఇప్పటికీ తిరుగుతున్న పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్లకు శక్తి పెంచే మార్పులు ఎలా పనిచేస్తాయి, వాటివల్ల వచ్చే ఇబ్బందులేమిటి, చట్టం ఏం చెబుతోంది?

ఈ ఇంజిన్ ప్రత్యేకత ఏమిటి?

బ్రిటన్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంలో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివారు తిరువొత్తియూరు దాని చిరునామా. బ్రిటన్‌లో ఆ కంపెనీ మూతపడిన తరువాత కూడా ఇక్కడ బుల్లెట్ తయారీ ఆగలేదు. 2010 ప్రాంతం వరకు అదే పాత పద్ధతి ఇంజిన్ కొనసాగింది.

ఈ 350 మోడల్ ఇంజిన్ సామర్థ్యం 346 సీసీ. సిలిండర్ వ్యాసం, అంటే బోర్, 70 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, అంటే స్ట్రోక్, 90 మిల్లీమీటర్లు. స్ట్రోక్ ఎక్కువ, క్రాంక్‌కు అమర్చిన చక్రాలు బరువైనవి. అందువల్ల తక్కువ వేగంలోనూ ఇంజిన్ బలంగా లాగుతుంది. ఆ నెమ్మదైన దడదడ శబ్దానికి మూలం కూడా ఇదే. కంప్రెషన్ నిష్పత్తి 6.5:1, గరిష్ఠ శక్తి సుమారు 18 హార్స్‌పవర్.

ఇంజిన్, గేర్‌బాక్సు వేర్వేరు పెట్టెలుగా ఉంటాయి. క్రాంక్‌కూ కనెక్టింగ్ రాడ్‌కూ మధ్య రోలర్ బేరింగుకు బదులు తేలియాడే బుష్ ఉంటుంది. ఆయిల్ సరఫరా సక్రమంగా ఉన్నంతకాలం ఈ బుష్ బాగానే పనిచేస్తుంది. అది తగ్గితే మొదట దెబ్బతినేది ఇదే.

రెండు హార్స్‌పవర్ల పాఠం

శక్తి పెంచాలనుకునేవారు ముందుగా ఒక పోలిక గమనించాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ తరువాతి కాలంలో తెచ్చిన యూసీఈ ఇంజిన్ 350 మోడల్‌లోనూ బోర్ 70, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లే. మిగతాదంతా మారింది. సిలిండర్ అల్యూమినియంది అయింది. ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలోకి చేరాయి. టాపెట్లు తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ రకానికి మారాయి. కంప్రెషన్ 8.5:1కి పెరిగింది. ఇంత చేశాక వచ్చిన శక్తి 19.8 హార్స్‌పవర్. 2020లో వచ్చిన 349 సీసీ జె సిరీస్ ఇంజిన్‌ది 20.2.

అంటే ఇంజిన్‌ను పూర్తిగా కొత్తగా రూపొందించినా పెరిగింది సుమారు రెండు హార్స్‌పవర్లే. కాలుష్య నిబంధనలను పాటించవలసి రావడం ఇందుకు ఒక కారణం. అయితే కొత్త ఇంజిన్లలో వేడిని తట్టుకునే శక్తి, ఆయిల్ లీకులు లేకపోవడం, గంటల తరబడి ఒకే వేగంతో నడవగలగడం ఎంతో మెరుగయ్యాయి. కంపెనీ తన శ్రమను ఎక్కడ వెచ్చించిందో ఈ అంకెలే చెబుతున్నాయి. పాత బండి యజమానికి కూడా అదే సరైన దారి.

అసలు శత్రువు వేడి

పాత ఇంజిన్‌లో పిస్టన్ అల్యూమినియంది, సిలిండర్ పోత ఇనుముది. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే 70 మిల్లీమీటర్ల పిస్టన్ సుమారు 0.15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సిలిండర్ పెరిగేది అందులో సగమే. పైగా వేడిని బయటికి పంపడంలో పోత ఇనుము సామర్థ్యం అల్యూమినియం మిశ్రమలోహాలలో సుమారు మూడో వంతు.

ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే రామగుండం, రెంటచింతల వంటి చోట్ల, గాలితో మాత్రమే చల్లబడే ఈ ఇంజిన్‌ను హైవే మీద పూర్తి వేగంతో అరగంట నడిపితే పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న ఖాళీ కరిగిపోతుంది. ఆయిల్ పొర తెగి, పిస్టన్ గోడను పట్టేస్తుంది. మెకానిక్‌లు సీజ్ అనేది దీనినే.

సీజ్ అయ్యే ముందు సాధారణంగా కొన్ని సూచనలు కనిపిస్తాయి. యాక్సిలరేటర్ మార్చకపోయినా బండి ఎవరో వెనక్కి లాగినట్టు మందగిస్తుంది. ఇంజిన్ శబ్దం బిగుసుకుంటుంది. ఆ క్షణంలో చేయవలసింది క్లచ్ పట్టుకుని బండిని పక్కకు తీసుకోవడం. లేకపోతే వెనుక చక్రం బిగుసుకుని బండి పడిపోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారేవరకు కిక్ కొట్టకూడదు.

సైలెన్సర్ మార్చితే బలం పెరుగుతుందా?

ఎక్కువమంది చేయించే మొదటి మార్పు ఇదే. లోపల అడ్డుపలకలు లేని సైలెన్సర్ బిగిస్తే శబ్దం పెరుగుతుంది. శబ్దం పెరిగినంత మాత్రాన శక్తి పెరిగినట్టు కాదు. పొగ సులువుగా బయటికి పోతే ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చుకుంటుంది. అందుకు తగినట్టు పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలుచబడుతుంది. పలుచని మిశ్రమంతో నడిచే ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న ఫిల్టర్ తగిలించినా ఇదే జరుగుతుంది. పైగా మన రోడ్ల దుమ్ము లోపలికి చేరి రింగులను, బోర్‌ను అరగదీస్తుంది.

350 మోడల్‌లో సాధారణంగా ఉండే మిక్‌కార్బ్ వీఎం24 కార్బొరేటర్‌లో మెయిన్ జెట్, నీడిల్ ఎత్తు, పైలట్ స్క్రూ మార్చుకునే వీలుంది. సైలెన్సర్ లేదా ఫిల్టర్ మార్చినవారు జెట్టింగ్‌ను మళ్లీ చూపించుకోక తప్పదు. స్పార్క్ ప్లగ్ కొస లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, నల్లటి మసి పట్టి ఉంటే ఎక్కువ.

బోర్, కంప్రెషన్, ఆర్‌పీఎం

అరిగిన సిలిండర్‌ను లేత్ షాపులో రీబోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం మరమ్మతే తప్ప శక్తి పెంపు కాదు. బోర్ 70 నుంచి 71 మిల్లీమీటర్లకు చేరినా సామర్థ్యం 356 సీసీకే వస్తుంది. పైగా పిస్టన్ ఖాళీని మరీ బిగువుగా పెట్టిస్తే కొత్త బోర్ మొదటి వేసవిలోనే సీజ్ కావచ్చు. పిస్టన్ తయారీదారు చెప్పిన కొలతను మైక్రోమీటర్‌తో సరిచూడవలసిందే.

500 మోడల్‌లో బోర్ 84 మిల్లీమీటర్లు, స్ట్రోక్ అదే 90. 350ని ఆ స్థాయికి మార్పించుకోవాలనుకునేవారు పిస్టన్ బరువు పెరిగితే క్రాంక్ బ్యాలెన్స్ చెడుతుందని గుర్తించాలి. అప్పుడు వణుకు పెరిగి నట్లు వదులవుతాయి, బ్రాకెట్లు పగులుతాయి.

హెడ్‌ను చెక్కించి కంప్రెషన్ పెంచితే శక్తి కొంత పెరుగుతుంది. దానితోపాటు వేడి, తేలియాడే బుష్‌పై ఒత్తిడి కూడా పెరుగుతాయి. కిక్ వెనక్కి తన్నే ప్రమాదం ఎక్కువవుతుంది.

ఇంజిన్‌ను ఎక్కువ ఆర్‌పీఎం వరకు లాగడం మరింత ప్రమాదకరం. పిస్టన్ ప్రతిసారీ ఆగి, దిశ మార్చుకునేటప్పుడు కనెక్టింగ్ రాడ్‌పై పడే బలం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 5,000 నుంచి 6,000 ఆర్‌పీఎంకు వెళితే వేగం 20 శాతమే పెరుగుతుంది, బలం మాత్రం 44 శాతం పెరుగుతుంది.

ముందు చేయించవలసినవి

బలం తగ్గిందని ఫిర్యాదు చేసే పాత బండ్లలో చాలావాటికి కొత్త భాగాలతో పని ఉండదు. ఉన్నవాటిని సరైన కొలతకు తెస్తే చాలు.

- కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అది మారితే ఇగ్నిషన్ టైమింగ్ కూడా మారుతుంది. టైమింగ్ వెనకబడితే ఇంజిన్ వేడెక్కుతుంది, ముందుకు జరిగితే కిక్ ఎదురు తంతుంది.
- టాపెట్లను ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే సరిచేయాలి.
- నెలల తరబడి కదలని బండిలో ఆయిల్ నిల్వ గది నుంచి క్రాంక్ గదిలోకి జారుతుంది. స్టార్ట్ చేయగానే వచ్చే దట్టమైన పొగకు ఇది కారణం కావచ్చు. వెంటనే రింగులు మార్పించకుండా ముందు ఆయిల్ తీయించి చూడాలి.
- ఆయిల్ లీకులు ఆగకపోతే ప్యాకింగులు మార్చే ముందు బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో పరిశీలించాలి.
- ఇంజిన్ విప్పవలసివస్తే తేలియాడే బుష్ స్థానంలో రోలర్ బేరింగ్ వేయించడం డబ్బుకు తగిన మార్పు.
- గేర్‌బాక్సు స్ప్రాకెట్‌కు 17 పళ్ల బదులు 18 పళ్లది వేస్తే అదే వేగానికి ఇంజిన్ చుట్లు సుమారు 5.5 శాతం తగ్గుతాయి. హైవే ప్రయాణాలకు ఇది ఉపయోగం. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం లాగే బలం కొంత తగ్గుతుంది.

శక్తి పెంచాలని నిర్ణయించుకున్నవారు డ్రమ్ బ్రేకుల స్థితిని దానికంటే ముందు చూపించుకోవాలి.

ఇథనాల్ పెట్రోలుతో కొత్త సమస్య

ప్రస్తుతం బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే పరిమాణం గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. కొత్త బండ్లలో సెన్సార్లు దీనిని కొంతవరకు సర్దుతాయి. పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, మిశ్రమం పలుచబడుతుంది. ఇథనాల్ లేని ఇంధనానికి రూపొంది, 10 శాతం మిశ్రమానికి సర్దిన ద్విచక్ర వాహనాల్లో ఈ20 వాడితే మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గుతుందని 2021లో వెలువడిన నీతి ఆయోగ్ ప్రణాళికా నివేదిక అంచనా వేసింది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా దెబ్బతినవచ్చు. వాటిని మార్పించి, జెట్టింగ్ సరిచూపించుకోవడం మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధననే గట్టిగా సమర్థించింది. ఇంజిన్ సామర్థ్యం రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది కాబట్టి 350ని 500గా మార్చడం నేరుగా దీని పరిధిలోకి వస్తుంది.

అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండవచ్చు. డ్రైవింగ్ లైసెన్సుపైనా వేటు పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నగరాల్లో పోలీసులు స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్లతో తొక్కించిన సందర్భాలు ఉన్నాయి. నమోదు కాని మార్పుల వల్ల ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారంలోనూ చిక్కులు రావచ్చు.

అరిగిన భాగాన్ని అసలు కొలతకు తెచ్చే మరమ్మతుకు ఈ బెడద లేదు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న 18 హార్స్‌పవర్ల ఇంజిన్‌తో గంటకు 70 కిలోమీటర్లకు మించకుండా, గంటకోసారి ఆగుతూ వెళ్లడమే దూర ప్రయాణాలకు క్షేమం. బండి పనిని మెకానిక్‌కు అప్పగించేటప్పుడు ‘ఎంత బలం పెరుగుతుంది’ అని అడగడానికి ముందు ‘ఆ వేడి ఎక్కడికి పోతుంది’ అని అడగడం మేలు.