కరెంటు రాని లారీ: గోదావరి డెల్టా మోటారు రవాణా చరిత్రలో కారణాన్వేషణ

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

• గోదావరి డెల్టాలో పడవ రవాణా పక్కన మోటారు లారీ నిలదొక్కుకున్న తీరు
• పాత పెట్రోలు లారీలో నిప్పురవ్వ పుట్టే విధానం, అది పుట్టనప్పుడు లోపాన్ని వెతికే వరుస
• తక్షణ కారణానికి, మూల కారణానికి మధ్య ఉన్న తేడా
• రాతలో లేని పనివారి జ్ఞానాన్ని చారిత్రక ఆధారంగా వాడుకునే పద్ధతి

1. పరిచయం

పాత పెట్రోలు బండి స్టార్టు కాకపోతే మెకానిక్ షెడ్డులో మొదట వినిపించే మాట ‘కరెంటు రావడం లేదు’ అని. ఇక్కడ కరెంటు అంటే ఇంటి దీపాలకు వచ్చే కరెంటు కాదు. ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరిని అంటించవలసిన నిప్పురవ్వ అని అర్థం. అదే షెడ్డులో డిస్ట్రిబ్యూటరును ‘డెల్కో’ అంటారు. ఈ మాట ఎక్కడిదో గమనించండి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ అనే ఇద్దరు 1909లో స్థాపించిన డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ పేరులోని తొలి అక్షరాల కూర్పే డెల్కో. ఆ కంపెనీ రూపొందించిన విధానాన్ని 1910 నాటి కాడిలాక్ కార్లలో వాడారు. తరువాత అదే విధానం ప్రపంచమంతటా పెట్రోలు ఇంజన్లకు వ్యాపించింది. కంపెనీ పేరు మన దేశపు మెకానిక్‌ల నోట వస్తువు పేరుగా స్థిరపడింది. శాసనంలోని ఒక పదం రాజ్యాల మధ్య సంబంధాన్ని తెలిపినట్లే, షెడ్డులోని ఒక పదం కూడా చరిత్రకు ఆధారమవుతుంది.

చరిత్ర విద్యార్థి లారీ మరమ్మతు గురించి ఎందుకు చదవాలి? దీనికి రెండు కారణాలున్నాయి. డెల్టాలో ధాన్యం, కొబ్బరి, బెల్లం మార్కెట్టుకు చేరడం ఈ యంత్రం పనితనం మీద, దానిని నడిపించినవారి నేర్పు మీద ఆధారపడిన కాలం ఒకటి ఉంది. ఇది మొదటి కారణం. ఆ నేర్పులో ఉన్న కారణాన్వేషణ పద్ధతి చరిత్ర రచనకు కూడా పనికి వస్తుంది. ఇది రెండవ కారణం.

2. పడవల సీమలోకి లారీ

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిందని మీకు తెలుసు. ఆనకట్ట నుంచి తీసిన కాలువలు సాగునీటితో పాటు రవాణాకూ దారులయ్యాయి. కాకినాడ నుంచి ఏలూరు మీదుగా కృష్ణా కాలువలను కలుపుకొని, బకింగ్‌హాం కాలువ ద్వారా మద్రాసు దాకా పడవలు నడిచేవి. బరువైన సరుకుకు పడవను మించిన చౌక సాధనం లేదు. అయితే పడవకు రెండు పరిమితులు ఉండేవి. అది నెమ్మదిగా నడిచేది. మరమ్మతుల కోసం ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూర్తిగా ఆగిపోయేది.

1900లో రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరి మీద రైలు వంతెన అందుబాటులోకి వచ్చింది. కానీ ఆ రెండు పట్టణాల మధ్య రోడ్డు వాహనాలు నది దాటే వంతెన 1974లో రైలు, రోడ్డు వంతెన ప్రారంభమయ్యే వరకు లేదు. అంటే ముక్కాలు శతాబ్దం పాటు రైలు నది మీదుగా పోతుంటే, లారీ రేవులో నిలబడి పంటు కోసం ఎదురుచూసింది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలుమార్గాన్ని రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తొలగించారు. అది తిరిగి రావడానికి 2004 దాకా ఆగవలసి వచ్చింది. రైలు లేని చోట పడవ, బండి, లారీ మాత్రమే మిగిలాయి.

భారతదేశంలో తొలినాళ్ల లారీలు విదేశీ పెట్రోలు వాహనాలు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో వాహనాల కూర్పు ప్రారంభించింది. యుద్ధకాలంలో, 1941 నుంచి, పెట్రోలుకు రేషను వచ్చింది. అప్పుడు చాలా బస్సులకు, లారీలకు బొగ్గు గ్యాసు పొయ్యిలు అమర్చారు. కట్టెబొగ్గును తక్కువ గాలిలో మండిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడు ఈ గ్యాసులో ముఖ్య ఇంధనం. ఈ గ్యాసుతో ఇంజను బలం బాగా తగ్గేది. గ్యాసు నెమ్మదిగా మండుతుంది కాబట్టి నిప్పురవ్వను కొంచెం ముందుగా రప్పించవలసి వచ్చేది. బొగ్గు ధూళి, తారు ప్లగ్గులను పాడుచేసేవి. అంటే ఇంధనం మారినా నిప్పురవ్వ అవసరం పోలేదు, దాని సమస్యలు పెరిగాయి. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మివేసిన లారీలు పౌర రవాణాలోకి వచ్చాయి. అవి కూడా ఎక్కువగా పెట్రోలు బండ్లే.

3. నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

బ్యాటరీలో ఉండేది 6 లేదా 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఈ పని కాయిలు చేస్తుంది. అందులో కొన్ని వందల చుట్లున్న మందపు తీగ ఒకటి, అనేక వేల చుట్లున్న సన్నని తీగ ఒకటి ఉంటాయి. బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్తు స్విచ్చి, కాయిలులోని మందపు తీగ, డెల్కోలోని పాయింట్ల గుండా ఇంజను బాడీకి చేరుతుంది. ఇంజను తిరిగే కొద్దీ పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అవి తెరుచుకున్న క్షణంలో విద్యుత్తు తెగుతుంది. కాయిలులోని అయస్కాంత క్షేత్రం కూలిపోతుంది. అప్పుడు సన్నని తీగలో వేల వోల్టులు పుడతాయి. పాయింట్ల పక్కనే ఉండే కండెన్సరు పాయింట్ల మధ్య మెరుపు రాకుండా కాపాడి, విద్యుత్తు చటుక్కున తెగేలా చేస్తుంది. తిరిగే రోటరు ఆ అధిక వోల్టేజిని వంతుల వారీగా ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది.

4. లోపాన్ని వెతికే వరుస

ధాన్యం వేసుకున్న లారీ వానాకాలంలో రేవు దగ్గర ఆగిపోయిందనుకోండి. పంటు వెళ్లిపోతే ఆ పూట పోయినట్లే, బస్తాలు తడిస్తే ధర పోయినట్లే. తొందరలో అన్నీ విప్పి చూడాలనిపిస్తుంది. నేర్పరి మెకానిక్ అలా చేయడు. ఒక్కొక్క పరీక్షతో అనుమానాల సంఖ్యను తగ్గించుకుంటూ పోతాడు.

మొదటి పరీక్ష: పెట్రోలు అందడం లేదా, నిప్పురవ్వ రావడం లేదా? ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొనను ఇంజను బాడీకి సుమారు 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి ఇంజను తిప్పుతారు. దగ్గరలో పెట్రోలు తడి లేకుండా చూసుకోవాలి, వైరును ఎండిన పట్టుతో పట్టుకోవాలి. నిప్పురవ్వ దూకితే ఆ వైరు దాకా వ్యవస్థ పనిచేస్తున్నట్లే. దూకకపోతే రెండవ పరీక్షకు వెళ్లాలి.

రెండవ పరీక్ష: కాయిలు నుంచి డెల్కో నడిమధ్యకు వచ్చే వైరును ఊడదీసి అలాగే చూస్తారు. ఇక్కడ నిప్పురవ్వ వస్తే కాయిలు, పాయింట్లు, కండెన్సరు నిర్దోషులు. లోపం డెల్కో మూతలోనో, రోటరులోనో, ప్లగ్గు వైర్లలోనో ఉంటుంది. తేమ ఎక్కువగా ఉండే డెల్టాలో మూత లోపలి చెమ్మను అనుమానించడం సహజం. పొడిగుడ్డతో తుడిచి, మూతలో సన్నని పగులు ఉందేమో చూడాలి.

మూడవ పరీక్ష: అక్కడా నిప్పురవ్వ లేకపోతే చిన్న బల్బు కావాలి. బల్బు ఒక తీగను కాయిలుకు పాయింట్ల వైపున్న కొసకు, రెండవదాన్ని ఇంజను బాడీకి కలిపి, స్విచ్చి వేసి ఇంజను తిప్పుతారు. పాయింట్లు తెరుచుకున్నప్పుడు బల్బు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. ఫలితాలు మూడు రకాలు:

• బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు విద్యుత్తును పోనివ్వడం లేదు. అవి మసిబారి ఉండవచ్చు, సరిగా మూసుకోకపోవచ్చు, డెల్కో ఇరుసే తిరగకపోవచ్చు.
• అసలు వెలగకపోతే బల్బు తీగను కాయిలుకు స్విచ్చి వైపున్న కొసకు మార్చాలి. అక్కడా వెలగకపోతే లోపం స్విచ్చిలో, వైర్లలో లేదా బ్యాటరీలో ఉంది. అక్కడ వెలిగితే కాయిలు లోపలి తీగ తెగి ఉండవచ్చు, లేదా కాయిలు తరువాతి భాగం బాడీకి తగులుతూ ఉండవచ్చు.
• వెలిగి ఆరుతూ ఉంటే ఆ దారి బాగానే ఉంది. అప్పుడు అనుమానం కండెన్సరు మీదికి, కాయిలులోని సన్నని తీగ మీదికి, నడిమధ్య వైరు మీదికి పోతుంది.

5. తక్షణ కారణం, మూల కారణం

పాయింట్లు మసిబారి ఉన్నాయని తేలిందనుకోండి. గరుకు కాగితంతో రుద్ది, సందును సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేస్తే లారీ కదులుతుంది. కానీ కండెన్సరు చెడి ఉంటే పాయింట్లు మళ్లీ త్వరలోనే కాలిపోతాయి. కాలిన పాయింట్లు తక్షణ కారణం, చెడిన కండెన్సరు మూల కారణం. రేవులో ఉన్న డ్రైవరుకు మొదటిది తెలిస్తే ఆ పూట గడుస్తుంది. రెండవది తెలిస్తేనే బండి మళ్లీ ఆగకుండా ఉంటుంది.

ఇప్పుడు ఈ పద్ధతినే ఒక చారిత్రక ప్రశ్నకు అన్వయించండి. డెల్టా రోడ్ల మీద పెట్రోలు లారీ ఎందుకు కనుమరుగయింది?

మొదటి అనుమానం 1974 నాటి వంతెన మీద. ఆ వంతెన రోడ్డు రవాణాను పెంచింది, నిజమే. కానీ అది పెట్రోలు లారీకి, డీజిల్ లారీకి సమానంగా ఉపయోగపడింది. పైగా దేశంలో డీజిల్ లారీల తయారీ అంతకు చాలా ముందే మొదలైంది. కాబట్టి ఈ కారణం పరీక్షకు నిలవదు.

రెండవ అనుమానం యుద్ధకాలపు పెట్రోలు కొరత మీద. ఆ కొరత బొగ్గు గ్యాసును తెచ్చిందే కాని ఇంజనును మార్చలేదు. కొరత తీరాక బండ్లు మళ్లీ పెట్రోలుకు వచ్చాయి.

మూడవ అనుమానం డెల్టా తేమ మీద. తేమ నిప్పురవ్వకు శత్రువే. కానీ వానలు తక్కువగా ఉండే రాయలసీమలో కూడా లారీలు డీజిల్‌కు మారాయి. కనుక తేమ తోడ్పడిన అంశం కావచ్చు, నిర్ణయాత్మక కారణం కాదు.

నాలుగవది దేశీయ తయారీ, ఇంధన ఖర్చు. టెల్కో సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954 నుంచి డీజిల్ లారీలు తయారు చేసింది. 1948లో ఏర్పడిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. డీజిల్ ఇంజను గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనాన్ని అంటిస్తుంది. కాయిలు, పాయింట్లు, ప్లగ్గులు అక్కర లేదు. అదే బరువుకు ఇంధనం తక్కువ పడుతుంది, ఆ ఇంధనం ధరా తక్కువే. మార్పు జరిగిన కాలాన్నీ, అది దేశమంతటా జరగడాన్నీ ఈ వివరణ ఒక్కటే సరిగా చెప్పగలుగుతుంది.

6. రాతలో లేని జ్ఞానం

డీజిల్ రాకతో మెకానిక్ చూపు డెల్కో నుంచి ఇంధన పంపుకు, నాజిళ్లకు మళ్లింది. పాయింట్లు సరిచేసే నేర్పు పాత అంబాసిడర్ కార్లు, పెట్రోలు జీపుల మీద కొంతకాలం బతికింది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక అక్కడా అవసరం తగ్గింది. ఆనకట్టకు, వంతెనలకు సంబంధించిన దస్తావేజులు కార్యాలయాల్లో దొరుకుతాయి. ఆగిన లారీని కదిలించిన చేతుల జ్ఞానం గురువు నుంచి శిష్యునికి చూపుతో, మాటతో అందింది. ఆ తరం వెళ్లిపోతే ఆ ఆధారమూ పోతుంది.

అందువల్ల మీ ఊరిలోని పాత మెకానిక్‌నో, లారీ డ్రైవరునో కలిసి మాట్లాడండి. ‘ఆ రోజులు ఎలా ఉండేవి?’ అని అడిగితే సాధారణ సమాధానమే వస్తుంది. ‘కరెంటు రాకపోతే మొదట ఏది చూసేవారు? బల్బు లేకపోతే ఏం చేసేవారు? ఏ రేవులో దాటేవారు?’ అని అడగండి. వారు వాడిన పదాలను వారు పలికినట్లే రాసుకోండి. ఒకరు చెప్పిన కాలాన్ని మరొకరి మాటతో, పాత ఫొటోలతో, వాహనాల రిజిస్ట్రేషను కాగితాలతో సరిపోల్చండి. ఒక్క సాక్ష్యం మీద తీర్పు ఇవ్వకపోవడం మెకానిక్‌కు, చరిత్రకారునికి ఇద్దరికీ వర్తించే నియమం.

7. సారాంశం

కాలువలు, రేవులు, ఆలస్యంగా వచ్చిన వంతెన డెల్టాలో లారీ రవాణా స్వరూపాన్ని నిర్ణయించాయి. పెట్రోలు లారీ నిప్పురవ్వ మీద ఆధారపడింది. దాని లోపాన్ని వెతికే పని ఒక్కొక్క అనుమానాన్ని పరీక్షతో తొలగించే క్రమశిక్షణను నేర్పింది. అదే క్రమశిక్షణతో చూస్తే పెట్రోలు లారీ కనుమరుగు కావడానికి ప్రధాన కారణం వంతెనో, తేమో కాదనీ, 1950ల నుంచి పెరిగిన దేశీయ డీజిల్ లారీల తయారీ, ఇంధన పొదుపు అనీ తెలుస్తుంది.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘డెల్కో’ అనే పదం ఏ విధంగా చారిత్రక ఆధారమవుతుంది?
2. బొగ్గు గ్యాసుతో నడిచే ఇంజనుకు కూడా నిప్పురవ్వ ఎందుకు అవసరమైంది?
3. బల్బు పరీక్షలో బల్బు వెలిగి ఆరుతూ ఉంటే ఏ భాగాలను అనుమానించాలి?
4. గోదావరి డెల్టాలో పడవ రవాణా తగ్గిపోవడానికి గల కారణాలను ఈ భాగంలోని పద్ధతిలో పరీక్షించి ఒక వ్యాసం రాయండి.